బాపుకు నీళ్ల అలవాటు

మా బాపుకు నీళ్లు తాగడం నేర్పింది నేనే. యాభై ఎనిమిదేళ్ల మనిషికి నీళ్లు తాగడం నేర్పేదేమిటని మీరు నవ్వొచ్చు. ముప్పై రెండేళ్లుగా బొగ్గు గనిలోకి దిగి ఎక్కుతున్న మనిషి మీ ఇంట్లో ఉంటే మాత్రం నవ్వరు.

గనిని మా దగ్గర బాయి అంటారు, నాన్నను బాపు, అమ్మను అవ్వ. మంచిర్యాలకు అవతల, కంపెనీ కట్టించిన కాలనీలో రెండు గదుల క్వార్టర్ మాది. బాపు పేరు మొగిలి. బాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. ఎనిమిది గంటల షిఫ్టుకు మా అవ్వ ఎల్లక్క లీటరు సీసా నింపి ఇస్తే, సగం నీళ్లు మళ్లీ ఇంటికే తెచ్చేవాడు. అడిగితే కారణాలు వరసగా చెప్పేవాడు. లోపల ఒంటికి పోవడానికి జాగా ఉండదు. కడుపు నిండా నీళ్లుంటే షిఫ్టు అయ్యాక ఆ ఏటవాలు దారి ఎక్కి పైకి రాలేం. పైగా నీళ్లు తాగితే చెమట ఎక్కువ, చెమట పోతే సత్తువ పోతుంది. ఈ చివరి సిద్ధాంతం ఎవరు కనిపెట్టారో గానీ బాయిలో సగం మందికి అదే వేదం. ఇంట్లో అన్నం తిన్నాక ఒక గ్లాసు, ఆదివారం ఇంత కల్లు. ఆయన ఒంట్లోకి పోయే తడి అంతే.

దసరా వెళ్లిన వారానికి బాపు వాకిట్లో నడుము పట్టుకుని కూలబడ్డాడు. కంపెనీ ఆసుపత్రికి తీసుకుపోయాం. కిడ్నీలో రాళ్లు, అంతకంటే ముఖ్యంగా కిడ్నీలు ఎండిపోతున్నాయని డాక్టరు చెప్పాడు. రక్తంలో క్రియాటినిన్ అనే అంకె ఒకటి చుట్టుపక్కల ఉండాలట, బాపుకు రెండున్నర ఉంది. అది పెరిగేకొద్దీ కిడ్నీ చెడుతున్నట్టు. మందుల కంటే ముందు నీళ్లు పట్టించండి, రోజుకు మూడు లీటర్లు, ఇప్పటికైతే ఇంకా చేతిలోనే ఉంది అన్నాడు. బాపు నేరం చేసినవాడిలా తల వంచుకుని విన్నాడు.

అదే వారం మా పక్క క్వార్టర్ అంతయ్య మామ వచ్చాడు. ఆయన్ను చూడగానే అవ్వ కుర్చీ తుడిచి వేసింది. మా వరసలో అంతయ్య మామ అంటే అందరికీ గౌరవం. రెండేళ్ల కింద నడుము నొప్పితో పనికిరాడని తేల్పించుకుని కొడుక్కి ఉద్యోగం ఇప్పించుకున్న మనిషి మరి.

మా కంపెనీలో ఒక పద్ధతి ఉంది. జబ్బుపడ్డ కార్మికుణ్ణి మెడికల్ బోర్డు ముందు నిలబెడతారు. ఇతను ఇక బాయి పనికి పనికిరాడు అని బోర్డు రాస్తే, ఆ ఉద్యోగం పిల్లల్లో ఒకరికి ఇస్తారు. కొడుకైనా సరే, పెళ్లికాని కూతురైనా సరే. ఒకటే షరతు, ఆ రాతకోతలు జరిగేనాటికి రిటైర్ కావడానికి ఇంకా రెండేళ్లు మిగిలి ఉండాలి. అందుకే మా కాలనీలో జబ్బు కబురు వేరే ఊళ్లలో విన్నట్టు వినరు. ఎవరికైనా షుగర్ వచ్చిందంటే, అయ్యో అనడానికి ముందు, ఎంతుంది అని అడుగుతారు. ఎక్కువ ఉందంటే ఇంకో రకంగా చూస్తారు. అది దిగులు చూపు కాదు.

నేను ఒక్కతే కూతుర్ని. పేరు భూమిక. అప్పటికి నాకు ఇరవై తొమ్మిది. బీఎస్సీ చదివి, ఉద్యోగ పరీక్షలు ఆరు సార్లు రాసి, ఆరు సార్లూ అంగుళం దూరంలో ఆగిపోయి, లక్సెట్టిపేటలో ఒక ప్రైవేటు బడిలో గుమాస్తాగా చేస్తున్నాను. పిల్లల తల్లిదండ్రులు అరిస్తే పడేది నేను, కరస్పాండెంట్ అరిస్తే పడేదీ నేనే. బాపు దిగిపోతే, అంటే రిటైర్ అయితే, క్వార్టర్ ఖాళీ చేయాలి. మాకు ఊళ్లో ఇల్లు లేదు, గుంటెడు భూమి లేదు. బాపు ఉద్యోగం నాకు వస్తే ముగ్గురం బతుకుతాం, రాకపోతే ఏమవుతామో ఆలోచించడానికి కూడా భయం. దిగిపోవడానికి ఆయనకు ఇంకా మూడేళ్లకు కాస్త తక్కువుంది. రెండున్నర అంకె ఉన్న రిపోర్టు చేతిలో ఉంది. కిడ్నీ కేసంటే పక్కా అని అంతయ్య మామ దరఖాస్తు తానే రాయించాడు. బాపు వేలుముద్ర వేయడు, సంతకం చేస్తాడు, మొగిలి అని పెద్ద అక్షరాలతో చేశాడు.

ఇక్కడే మా తెలివి చూడండి. బోర్డుకు దరఖాస్తు పెట్టిన రోజే నేను నీళ్ల సీసా కొన్నాను. ఒక చేత్తో ఆయన కిడ్నీలు చెడిపోయాయని కాగితం పెట్టి, ఇంకో చేత్తో వాటిని బాగుచేయడానికి కూర్చున్నాను. మొదటి రిపోర్టు చూసే ఉద్యోగం ఇచ్చేస్తారనుకున్నాం. బోర్డు వాళ్లు మళ్లీ కొత్తగా రక్తం తీసి చూస్తారన్న సంగతి మా ముగ్గురికీ తోచలేదు. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాడి కథ చిన్నప్పుడు చదివి ఎంత నవ్వానో.

మొదట్లో బాపుతో నాకు పెద్ద యుద్ధమే అయింది. సీసా మీద గోళ్ల రంగుతో గీతలు గీశాను, పది గంటలకు ఈ గీత దాకా, పన్నెండుకు ఈ గీత దాకా అని. ఫోన్లో గంట గంటకూ అలారం పెట్టాను. అలారం మోగితే ఆయన నొక్కి ఆపేసేవాడు. సీసా మాత్రం ఠంచనుగా ఖాళీ అయ్యేది. నాకు ఆనందం. పదిహేను రోజులకు గోడ పక్కనున్న చిక్కుడు తీగ చూరు దాకా పాకి విరగకాసింది. మూడు లీటర్లూ అది తాగుతోందని అప్పుడు తెలిసింది. నేను గట్టిగా అరిచాను. బాపు నవ్వి, చిక్కుడుకాయ కూర బాగుంటుంది కదా అన్నాడు.

తర్వాత ఫోన్లో ఎవరో చెప్పింది విన్నాను. కొత్త అలవాటును ఒంటరిగా పెడితే నిలబడదట, పాత అలవాటుకు ముడేయాలట. బాపుకున్న పాత అలవాటు ఒక్కటే, బీడీ. రోజుకు పదిహేను కాలుస్తాడు. బీడీ మానుమని చెప్పాల్సిన దాన్ని, దానికే నీళ్లు ముడేశాను. గ్లాసు నీళ్లు తాగితేనే బీడీ. కట్టలు, అగ్గిపెట్టె నా దగ్గర పెట్టుకున్నాను. ఒక చేత్తో గ్లాసు, అది ఖాళీ అయ్యాక ఇంకో చేత్తో బీడీ. బాయి లోపల నిప్పు నిషిద్ధం కాబట్టి అక్కడ తంబాకు నములుతాడు. దానికీ అదే లెక్క. తంబాకు ఉమ్మాక నోరు పుక్కిలించి అర సీసా తాగాలి. ఒట్టు పెట్టించుకున్నాను.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మా బాపు మానై వంగాడు. నెల రోజులు గొణిగాడు, రెండో నెలలో గొణగడం మానేశాడు, మూడో నెలకు నేను లేకపోయినా గ్లాసు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఒంటికి పోతే మంట లేదని, నడుము తేలికగా ఉందని, ముప్పై ఏళ్లుగా తనకు తలనొప్పి అనేది ఒకటి ఉండేదని అది పోయాకే తెలిసిందని అవ్వతో చెప్పేవాడు. బాయికి రెండు సీసాలు మోసుకుపోయేవాడు. తోటి వాళ్లకూ పాఠాలు చెప్పేవాడట, నీళ్లు తాగితే సత్తువ పోదురా, వస్తది అని. వాళ్లు నీళ్ల మొగిలి అని పేరు పెట్టారు. ఆ పేరు ఇంటికొచ్చి చెప్పుకుని మురిసిపోయాడు. ఉగాది ముందు పరీక్ష చేయిస్తే అంకె ఒకటీ పాయింట్ రెండుకు దిగింది. ఆ రోజు అవ్వ సేమ్యా పాయసం చేసింది. నా జీవితంలో నేను మొదలుపెట్టి పూర్తిచేసిన పని అదొక్కటే, అందుకే నాకు అంత గర్వం.

ఏప్రిల్‌లో బోర్డు నుంచి కాగితం వచ్చింది. మే నెలాఖరున హాజరు కావాలి. అంతయ్య మామకు చూపించడానికి పిలిచాం. ఆయన కాగితం రెండుసార్లు చదివి, ఇప్పుడు అంకె ఎంతుంది అని అడిగాడు. నేను రిపోర్టు తెచ్చి, చిన్నపిల్ల మార్కుల కాగితం చూపించినట్టు ఆయన ముందు పెట్టాను. ఆయన మొహం మాడిపోయింది. బోర్డులో రక్తం మళ్లీ తీస్తారని, పాత రిపోర్టు ఎవరూ చూడరని చెప్పాడు.

"ఏం పని చేసినవ్ బిడ్డా? నీ నౌకరికి నువ్వే నీళ్లొదులుకున్నవ్."

అవ్వ నోరు తెరిచి నా వైపు చూసింది. బాపు గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు, తన గురించి కాదన్నట్టు. అంతయ్య మామ వేళ్ల మీద రోజులు లెక్కవేశాడు. ఇంకా నలభై రోజులున్నాయి, నీళ్లు బంద్ పెట్టండి, ఎండాకాలం కాబట్టి కలిసొస్తుంది అన్నాడు. ఆ మాట ఆయన చెడ్డవాడై అనలేదు. మా మంచి కోరే అన్నాడు. వెళ్తూ వెళ్తూ బాపు భుజం తట్టాడు.

అవ్వ బలవంతం చేసిందని చెబితే నాకు సుఖంగా ఉండేది. అవ్వ ఏమీ అనలేదు. బాపును అడగాలని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఆ సాయంత్రం ఆయన అలవాటుగా చెయ్యి చాపాడు. గ్లాసు నా చేతిలోనే ఉంది, నిండుగా ఉంది. నేను దాన్ని పక్కన పెట్టి, బీడీ మాత్రం ఇచ్చాను. బాపు గ్లాసును చూశాడు, నన్ను చూశాడు. సరే బిడ్డా అన్నాడు.

నేర్పేటప్పుడు ఎంత శ్రద్ధగా ఉన్నానో, మాన్పించేటప్పుడు అంతకు రెండింతలు ఉన్నాను. ఫిల్టర్ నీళ్ల క్యాన్ లోపలి గదిలోకి మార్చి తలుపు దగ్గర అవ్వను కూర్చోబెట్టాను. బాయికి సీసా ఇవ్వలేదు. పొద్దున సగం గ్లాసు, అన్నంతో ఒక గ్లాసు, రాత్రి సగం. చారు వద్దు, మజ్జిగ వద్దు. బజార్లో పుచ్చకాయలు కుప్పలు పోసి అమ్ముతుంటే నేను తల తిప్పుకుని వచ్చేదాన్ని. మేలో మా దగ్గర ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. తారురోడ్డు మీద చెప్పు అతుక్కుంటుంది. అలాంటి ఎండలో బాపు బాయి నుంచి నడిచి వచ్చి గుమ్మంలో కూర్చుని బీడీ తీసేవాడు. ఆరు నెలల అలవాటు కదా, బీడీ పట్టగానే ఎడమ చెయ్యి దానంతటదే గ్లాసు కోసం వెళ్లేది. ఖాళీ చెయ్యిని మళ్లీ మోకాలి మీద పెట్టుకునేవాడు. పెదాలు పగిలి నెత్తురు చిమ్మేది. నాకు జాలి వేసింది. కాకపోతే ఆ జాలి కంటే నాకు ఆ ఉద్యోగం కావాలనిపించడమే ఎక్కువగా ఉండేది. దాచడమెందుకు?

రోజూ అడిగేవాళ్లం. నడుము నొస్తోందా, మంట పుడుతోందా, తల తిరుగుతోందా? ఆయన అన్నిటికీ అవునన్నాడు. బాగా నొస్తోంది, బాగా తిరుగుతోంది అన్నాడు. మేం ఒకరి మొహం ఒకరం చూసుకుని తేలికపడేవాళ్లం. అంతకుముందు ఎన్నడూ అబద్ధమాడని మనిషి మా సంతోషం కోసం రోజుకు మూడు పూటలా అబద్ధమాడుతున్నాడని నాకు తెలియదు.

బోర్డుకు ముగ్గురం వెళ్లాం. కంపెనీ పెద్దాసుపత్రి వరండాలో మాలాంటి వాళ్లు నలభై కుటుంబాలు. కుంటేవాళ్లు, దగ్గేవాళ్లు, పక్కన వాళ్ల కొడుకులు ఇస్త్రీ చొక్కాలతో. ఒక్కొక్కరి జబ్బు ఎంత గట్టిదో పక్కవాళ్లు విచారించుకుంటున్నారు. ముందురోజే రక్తం తీశారు. మా వంతు వచ్చాక లోపలికి పిలిచారు. నలుగురు డాక్టర్లలో పెద్దాయన పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఆయన మొహంలో నవ్వు కనబడింది.

ఒకటీ పాయింట్ ఒకటి. రాళ్లు కూడా పడిపోయాయట. ఇంత బాగా కోలుకున్న కిడ్నీని ఈ ఏడాది చూడలేదని, బాయి పని చేస్తూ ఇన్ని నీళ్లు తాగే అలవాటు ఎవరు చేశారని అడిగాడు. బాపు ఒకసారి నా వైపు చూశాడు. చెప్పకూడదని తెలుసు ఆయనకు. అయినా ఆరు నెలలుగా బాయిలో అందరికీ చెప్పుకున్న గొప్ప అది, నోట్లో ఆగలేదు.

"మా బిడ్డ సార్."

డాక్టరు నన్ను మెచ్చుకున్నాడు. ఇలాంటి కూతుళ్లు ఇంటికొకరుంటే ఈ బోర్డే అక్కర్లేదన్నాడు. కాగితం మీద ఫిట్ అని రాసి ముద్ర కొట్టాడు. మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటే పిలుపు రావడానికి కనీసం ఎనిమిది నెలలు. బాపు దిగిపోవడానికి రెండేళ్ల మూడు నెలలే ఉంది. అంటే ఆ దారి ఆ ముద్రతోనే మూసుకుపోయింది.

బస్టాండులో అవ్వ ఒక నీళ్ల సీసా కొని సగం తాగి, మూత పెట్టి, సంచిలో వేసుకుంది. బాపు పక్కనే ఉన్నాడు. నేను ఎలా అని అడిగాను. ఆయన చెప్పులు చూసుకుంటూ చెప్పాడు. మొదటి వారం నిజంగానే ఆగాడట. ఎనిమిదో రోజు బాయి మీద, తలదీపాలిచ్చే లాంపు రూమ్ పక్కనున్న నల్లా దగ్గర నిలబడిపోయాడట. ఆ తర్వాత రోజూ దిగేముందు, ఎక్కినాక.

"మస్తు ఆగిన బిడ్డా. దూప పట్టి గుండె దడదడ కొట్టుకునేది. ఆగబట్టలేకపోయిన."

"సారా మానినోళ్లున్నరు లోకంల. నువ్వు నలభై రోజులు నీళ్లు మానలేకపోయినవా?"

అది నేనే అన్నాను, నలుగురూ వింటుండగా. బాపు తలెత్తలేదు. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి ఆయన నిలబడే వచ్చాడు.

ఇంటాయన బాగుపడ్డాడని ఏడ్చిన ఇల్లు లోకంలో మాదొక్కటే అయి ఉంటుంది. నోటికాడి బుక్క జారిపోయింది, జార్చింది ఆయనే. అవ్వ ఆయనకు కంచం పెట్టేది, మాట్లాడేది కాదు. సీసా నింపడం మానేసింది. ఆయనే నింపుకుని పోయేవాడు. వేసవి పోయి వానలొచ్చాయి, బాపు బుగ్గలు నిండాయి, మెట్లు ఎక్కుతుంటే ఆయాసం లేదు. నాకు అది చూస్తే ఒళ్లు మండేది. ఆయన నీళ్లు తాగుతుంటే గుటక చప్పుడు ఈ గదిలోకి వినబడేది. తాగు తాగు, కడుపు నిండా తాగు, బాయిలో పేరుంది కదా నీకు అనేదాన్ని. ఆయన గ్లాసు తీసుకుని వాకిట్లోకి పోయి తాగడం మొదలుపెట్టాడు. లక్సెట్టిపేట బడిలో ఎవరు తిట్టినా ఆ కోపం సాయంత్రానికి బాపు మీదికే వచ్చేది. తిరిగి ఒక్క మాట అనని మనిషి దొరికితే ఎవరి నోరైనా ఊరుకుంటుందా?

అక్టోబరులో మొండయ్య పోయాడు. బాపు షిఫ్టులోనే పనిచేసేవాడు, ఇంట్లో అన్నం తింటూ ఛాతీ పట్టుకుని ఒరిగిపోయాడు. ఇంకా పది నెలల్లో దిగిపోవాల్సిన మనిషి. ఆయన కొడుకు సాయిచంద్ ఇంటర్ తప్పి ఆటో నడుపుకుంటున్నాడు. పదో రోజు భోజనాల దగ్గర అంతయ్య మామ నెమ్మదిగా చెప్పాడు. సర్వీసులో ఉండగా చనిపోతే రెండేళ్ల షరతు లేదట. చివరి నెలలో పోయినా సరే, ఉద్యోగం పిల్లలకు వస్తుందట. సాయిచంద్ కాగితాలు అప్పుడే పైకి పోయాయట. పుణ్యాత్ముడు, పిల్లవానికి దారి చూపి పోయాడని విస్తరి ముందున్న వాళ్లంతా అన్నారు. సాయిచంద్ ఏడుస్తూనే వడ్డిస్తున్నాడు. వాణ్ణి చూసి నేను కుళ్లుకున్నాను.

ఇంటికొచ్చేసరికి బాపు రెండో షిఫ్టుకు పోయే ముందు అన్నం తింటున్నాడు. ఆరోగ్యంగా, ఆకలిగా తింటున్నాడు. మొండయ్య పిల్లవాడి సంగతి ఏమైంది బిడ్డా అని అడిగాడు. పాపం, మంచి మనసుతోనే అడిగాడు.

"మొండయ్య మామ సచ్చి కొడుకుకు నౌకరి ఇచ్చిండు. నువ్వు బతికి నాకేమిచ్చినవ్ బాపూ?"

అవ్వ పొయ్యి దగ్గరే ఉంది. అదేం మాటే అని నన్ను గద్దిస్తుందేమో అనుకున్నాను. గద్దించలేదు. బాపు కంచంలో మిగిలిన నాలుగు ముద్దలూ తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, డ్యూటీకి పోయాడు. నాకు ఆ రాత్రి బాగానే నిద్ర పట్టింది.

ఆ తర్వాత ఇంట్లో ఒక రకమైన నెమ్మది వచ్చింది. బాపు మళ్లీ మాతో మాట్లాడటం మొదలుపెట్టాడు, నవ్వడం కూడా. బీడీలు మానేశాడు. ఒక్క రోజులో కట్ట తీసి బయట పారేశాడు. ఇల్లు కంపు లేకుండా ఉందని అవ్వ సంతోషపడింది, కోపం తగ్గి సీసా తానే నింపి ఇవ్వసాగింది. అది రోజూ ఖాళీగా తిరిగొచ్చేది. ఇంట్లో ఆయన గుటక చప్పుడు వినబడటం లేదని నేను గమనించాను. నా నోటికి భయపడి బయట తాగుతున్నాడనుకున్నాను. చలికాలం వచ్చింది. ఆయన మొహం ఉబ్బినట్టు కనబడితే ఒళ్లు చేశాడనుకున్నాం.

డిసెంబరులో ఒక ఆదివారం చెప్పులు కాళ్లకు పట్టలేదు. పాదాలు వాచి మెరుస్తున్నాయి. తిన్నది తిన్నట్టు కక్కుకున్నాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. అంకె ఐదు దాటింది. అదే డాక్టరు, దసరా తర్వాత చూసినాయనే, నా మీద కేకలేశాడు. ఇంత బాగుచేసుకున్న మనిషిని మళ్లీ ఎందుకు ఎండబెట్టారు, నెలల తరబడి ఈయన ఒంట్లోకి నీళ్లు సరిగ్గా పోలేదు, ఇప్పుడే చేర్పించండి అన్నాడు. బాపు చేరనన్నాడు. ఎన్నడూ ఎవరికీ ఎదురు చెప్పని మనిషి డాక్టరుకు చేతులు జోడించి, నాకేం కాలేదు సార్ అని, వద్దని కాగితం మీద సంతకం పెట్టి బయటికొచ్చాడు. మొగిలి అని పెద్ద అక్షరాలు.

బయట ఆటో దగ్గర బాయి మనిషొకరు కలిశాడు. మొగిలన్న బాగా నీరసపడ్డాడు, సీసా తెచ్చి దిగేముందు నల్లా కింద గుమ్మరిస్తాడు, అడిగితే నవ్వుతాడు అని చెప్పాడు. నాకు అప్పుడు మొత్తం అర్థమైంది. బీడీ ముట్టిస్తే చెయ్యి నీళ్ల కోసం పోతుంది, అందుకే బీడీ కూడా వదిలేశాడు. నేను కట్టిన ముడి అది, దాన్ని ఆయన అలా విప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి గ్లాసు నిండా నీళ్లు తెచ్చాను. తాగు బాపూ అన్నాను. ఆయన పెదాలు బిగించుకున్నాడు. గ్లాసు నోటికి ఆనించాను, నీళ్లు గడ్డం మీదుగా చొక్కా మీద పడ్డాయి. అవ్వ గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కింద కూర్చుని ఆ వాచిన పాదాలు పట్టుకున్నాను. నేనన్న మాట తప్పు, నాకు ఏ నౌకరీ వద్దు, తాగు అన్నాను. బాపు నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బాయిలో నిలబెట్టే దుంగలా బరువుగా, పొడిగా ఉంది. చిన్నప్పుడు నాకు ఎక్కాలు చెప్పినంత ఓపికగా చెప్పాడు.

"దిగిపోవుడు ఇంక ఇరవై నెలలున్నది బిడ్డా. అంతదాక బతుకుతనా? ఫికర్ చెయ్యకు. ఈపారి దొంగతనంగ గూడ తాగుతలేను. నీ మీద ఒట్టు."

నేను గట్టిగా ఏడ్చాను. ఆ ఏడుపు నిజమైనదే, దాన్ని ఎవరూ అనుమానించనక్కర్లేదు. ఏడుస్తూనే, ఆయన చెప్పిన ఇరవై నెలలను నా వయసుకు కలిపి చూసుకున్నాను. ముప్పై రెండు కూడా నిండవు. కంపెనీ ముప్పై ఐదు దాకా తీసుకుంటుంది.